ఊరగాయ సీసా మీద ఏ నెంబరు?

ఇంట్లోనే ఆవకాయ, కారప్పొడులు చేసి అమ్మే అక్కచెల్లెళ్ళు చాలామంది లేబుల్ మీద సొంత సెల్ నెంబరే వేస్తారు. ఇక రాత్రి పదకొండింటికీ ఫోనే! వ్యాపారానికి విడిగా నెంబరు తీసుకుంటే కాల్స్ మీ సెల్‌కే మళ్ళుతాయి, వేళలూ పెట్టించుకోవచ్చు. 1800 నెంబరు దర్జాగానే ఉంటుంది గానీ కాల్ ఖర్చంతా మీదే. 1860 అయితే చేసినవాళ్ళు భరించాలి. మన సీసాలకి మామూలు నెంబరు చాలదూ?

నెలకెంతని అడిగేముందు, "మీ దగ్గర మానేస్తే ఈ నెంబరు నాకే ఉంటుందా?" అని అడిగి, కాగితం మీద రాయించుకోండి. వెయ్యి లేబుళ్ళు అచ్చేయించాక నెంబరు పోతే, పాత ఖాతాదార్లకి మీరు దొరికేదెలా?

మళ్ళింపు కంపెనీవాళ్ళే పెడతారు. ఎవరైనా ఫోన్ చేసి "స్టార్ 401 నొక్కండమ్మా" అంటే మాత్రం నొక్కకండి. ఓటీపీ చెప్పే కాల్స్‌తో సహా దొంగకి చేరతాయి.