మీకు తెలుసా? ఎర్రరాతి కొండమీద మే నెలలోనూ మంచే!

అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న బ్రైస్ కాన్యన్ నేషనల్ పార్కు అంచు 8,000 నుంచి 9,000 అడుగుల ఎత్తున ఉంటుంది. తిరుమల కొండకు దాదాపు మూడింతలు! లాస్ వేగస్ ఎండలో టీషర్టుతో బయల్దేరిన మనవాళ్లు, నాలుగు గంటల డ్రైవ్ తర్వాత కారు దిగగానే స్వెట్టర్ కోసం డిక్కీ వెతుక్కునేది అందుకే. మే నెలలోనూ అక్కడ మంచు పడొచ్చు.

పేరుకు కాన్యనే గానీ, ఇది నది కోసిన లోయ కాదు. ఏడాదిలో దాదాపు సగం రోజులు పగలు కరిగిన మంచునీరు రాతి పగుళ్లలోకి దిగి, రాత్రి గడ్డకట్టి ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి రాయి చీలి చీలి ‘హూడూ’లనే సన్నటి స్తంభాలు మిగిలాయి. ఎరుపంతా ఇనుప ఆక్సైడు చలవ. చెడ్డవాళ్లను కయోటీ అనే తోడేలులాంటి జంతువు ఇలా రాళ్లుగా మార్చేసిందని పైయూట్ తెగవారి కథ.

నడకలో ఓ తిరకాసుంది: ముందు దిగుడు, తర్వాత ఎక్కుడు. నవాజో లూప్ అనే కాలిబాటలో హుషారుగా దిగిపోయినవారికి తిరిగి ఎక్కేటప్పుడు పలుచని గాలి చుక్కలు చూపిస్తుంది. సీసాలో సగం నీళ్లు అప్పటికి దాచుకోవాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు వెంట ఉంటే సన్‌రైజ్, సన్‌సెట్ పాయింట్ల మధ్య చదునుదారి చాలు.