నేర్చిన నడక మరచే పసివారు
అరుదైన నిల్వ వ్యాధులను గుర్తించడం ఎలా?

మెటియాబ్రుజ్ అనగానే కోల్‌కతా వాసులకు ముందుగా స్ఫురించేది నవాబు వాజిద్ అలీ షా. 1856లో అవధ్ రాజ్యాన్ని కోల్పోయి హుగ్లీ తీరానికి చేరిన ఆ కళాప్రియుడు 1887లో ఇక్కడే కన్నుమూశాడు. నేడు ఆ వీధులలో వినిపించేది కుట్టుమిషన్ల చప్పుడు. ఆనుకునే ఉన్న గార్డెన్ రీచ్‌లో నౌకా నిర్మాణశాల, ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్నాయి. పాత బెంగాల్ నాగపూర్ రైల్వే వాల్తేరు వరకు సాగినందువలన, ఆ దారి పట్టుకుని తెలుగు కుటుంబాలు ఉద్యోగరీత్యా ఇటు తరలివచ్చాయి. వచ్చేటప్పుడు మన పండుగలతో పాటు మన మేనరికాలనూ వెంట తెచ్చుకున్నాము. ఈ వ్యాసానికి ఆ మాటతో సంబంధం ఉంది.

అటువంటి ఒక ఇంటిని ఊహించుకుందాము. బాబు సకాలంలో కూర్చున్నాడు, ఏడాది దాటగానే అడుగులు వేశాడు, అత్తా తాతా అన్నాడు. రెండవ ఏట తూలిపడసాగాడు. వచ్చిన మాటలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. "దిష్టి తగిలిందమ్మా" అన్నది నాయనమ్మ. "వాళ్ళ నాన్నకూ నడక ఆలస్యమే" అన్నారు బంధువులు. బలానికి మందులు వాడారు. ఇంతలో ఏడాది గడిచిపోయింది. పోయినది ఏడాది మాత్రమే కాదు, చికిత్సకు అనువైన కాలం కూడా కావచ్చును.

నడక ఆలస్యంగా రావడం వేరు, వచ్చిన నడక పోవడం వేరు. మొదటిదానికి కారణాలు అనేకం; వాటిలో చాలావరకు ప్రమాదకరం కావు. రెండవది మాత్రం ఏ వయసులోనైనా వెంటనే వైద్యునికి చూపించవలసిన లక్షణం.

కణంలో పేరుకునే చెత్త

మన శరీరంలోని ప్రతి ఇంటిలోనూ చెత్తను ఊడ్చి, విడగొట్టి, పనికివచ్చేదానిని తిరిగి వాడుకునే ఏర్పాటు ఉన్నట్లే, కణాలలో లైసోసోములనే సూక్ష్మమైన సంచులు ఉన్నాయి. బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ ద దూవ్ 1955లో వీటిని లోకానికి తెలిపి, 1974లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. ఈ సంచులలోని ఎంజైములలో ఏ ఒక్కటి లోపించినా, అది విడగొట్టవలసిన పదార్థం కణంలోనే నిల్వ అవుతుంది. నాడీకణాలలో పేరుకుంటే మెదడు క్రమంగా క్షీణిస్తుంది. ఇటువంటి వ్యాధులు 70 వరకు ఉన్నాయి. విడివిడిగా ఒక్కొక్కటీ బహు అరుదు. అన్నింటినీ కలిపి చూస్తే 5,000 నుండి 8,000 జననాలకు ఒకటి చొప్పున ఉండవచ్చునని అంచనా.

వ్యాధికి కారణం తెలియకముందే వైద్యులు దాని జాడలను పట్టుకున్నారు. 1881లో లండన్ నేత్రవైద్యుడు వారెన్ టే ఒక పసిబిడ్డ కంటిలోపల చెర్రీపండు వంటి ఎర్రని మచ్చను చూశాడు. నవాబు మరణించిన 1887లోనే న్యూయార్క్ వైద్యుడు బెర్నార్డ్ సాక్స్ అటువంటి బిడ్డల మెదడు క్షీణతను వర్ణించాడు. టే-సాక్స్ వ్యాధిలో లోపించిన ఎంజైము ఏదో తేలినది 1969లో.

తల్లి కన్నే తొలి పరీక్ష

ఇంటిలో గమనించదగిన గుర్తులు కొన్ని ఉన్నాయి. చిన్న చప్పుడుకే బిడ్డ పదేపదే ఉలికిపడడం టే-సాక్స్‌లో కనిపిస్తుంది. ముఖకవళికలు మొరటుగా మారడం, కీళ్ళు బిగుసుకోవడం, బొడ్డు ఉబికి రావడం, పొట్ట పెరగడం మ్యూకోపాలిశాక్కరైడ్ వ్యాధులను సూచిస్తాయి. బడికి వెళ్ళే వయసులో చూపు మందగించి, తరువాత మూర్ఛలు రావడం బ్యాటెన్ వ్యాధిలో ఒక రకం. చూపును పైకీ కిందికీ తిప్పలేకపోవడం నీమన్-పిక్ వ్యాధిలోని 'సి' రకానికి గుర్తు. వీటిలో ఒకటి కనిపించినంత మాత్రాన ఈ వ్యాధే అని బెంబేలు పడనవసరం లేదు; కనిపించినా ఉపేక్షించడం మాత్రం తగదు.

పొరపాటుకు అవకాశం కూడా ఎక్కువే. పుట్టుకనాటి మెదడు దెబ్బ వలన కలిగే సెరెబ్రల్ పాల్సీలో మెదడుకు తగిలిన దెబ్బ ముదరదు. నిల్వ వ్యాధిలో నష్టం నానాటికీ పెరుగుతుంది. ఇక ప్లీహం పెరిగితే బెంగాల్ గడ్డపై మలేరియా, కాలా అజార్, థలసీమియా గుర్తుకు రావడం సహజం. గోషే అనే నిల్వ వ్యాధిలోనూ ప్లీహం పెరుగుతుంది. అందుచేత ఆ జ్వరాల పరీక్షలలో ఏమీ తేలనప్పుడు వెతకడం ఆపకూడదు.

వైద్యులు కంటిపాప వెనుక భాగాన్ని చూస్తారు. కడుపు స్కానింగ్, ఎముకల ఎక్స్‌రే, మెదడు ఎం.ఆర్.ఐ., మూత్ర పరీక్ష చేయిస్తారు. అనుమానం ఒక వ్యాధి వైపు మొగ్గిన తరువాత రక్తంలో ఆ ఎంజైమును కొలుస్తారు. ప్రత్యేకమైన కాగితంపై ఆరబెట్టిన రక్తపు చుక్కలు కొన్ని వ్యాధులకు చాలును. వాటిని దూరప్రాంత ప్రయోగశాలకు పంపడమూ సులభం. అయితే మెటాక్రోమాటిక్ ల్యూకోడిస్ట్రఫీ విషయంలో, ఆరోగ్యవంతులలోనూ ఎంజైము తక్కువగా కనిపించే సందర్భాలున్నాయి. కనుక తుదితీర్పు జన్యుపరీక్షదే.

దోషం ఎవరిది?

ఇందులో అధికభాగం వ్యాధులు రావాలంటే తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి చొప్పున రెండు లోపభూయిష్ట జన్యువులు బిడ్డకు చేరవలసి ఉంటుంది. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. ప్రతి గర్భంలోనూ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనమామ-మేనకోడళ్ళ జన్యువులలో సగటున నాలుగవ వంతు, మేనత్త-మేనమామ బిడ్డలలో ఎనిమిదవ వంతు ఉమ్మడిగా ఉంటాయి. అందుకే దగ్గరి సంబంధాలలో ముప్పు పెరుగుతుంది. బంధుత్వం లేని దంపతులకూ ఇది సంభవించవచ్చును. హంటర్ వ్యాధి వంటివి తల్లి వైపు నుండి మగబిడ్డలకు సంక్రమిస్తాయి. అయినా ఎవరూ కోరి ఇచ్చినది కాదు గనుక కోడలిని నిందించడం అన్యాయం. మొదటి బిడ్డ వ్యాధి పేరు ఖచ్చితంగా తెలిస్తేనే, మరు గర్భంలో 11-13 వారాల మధ్య మాయ నుండి చిన్న నమూనా తీసి పరీక్షించడం సాధ్యపడుతుంది.

ఆలస్యం అమృతం విషం

గోషే వ్యాధికి ఎంజైము చికిత్స 1991లో అమెరికాలో ఆమోదం పొందింది. కాని నరం ద్వారా ఎక్కించిన ఎంజైము మెదడును చేరజాలదు. బ్యాటెన్ వ్యాధిలో ఒక రకానికి, మెదడులోని కుహరంలోకే ఎంజైమును పంపే విధానానికి 2017లో అనుమతి లభించింది. మెటాక్రోమాటిక్ ల్యూకోడిస్ట్రఫీకి జన్యు చికిత్స 2020లో ఐరోపాలోను, 2024లో అమెరికాలోను ఆమోదింపబడింది. ఇవి మెదడు దెబ్బతినకముందు మేలుచేస్తాయి. పోయినదానిని తిరిగి ఇవ్వలేవు. చాలా వ్యాధులకు నేటికీ మందు లేదు. అయినా పేరు తెలియడం వలన వృథా ఖర్చు, వృథా ఆశ తగ్గుతాయి. మూర్ఛలకు, నొప్పికి సరైన ఉపశమనం దొరుకుతుంది.

మన దేశంలో 2021లో అరుదైన వ్యాధుల జాతీయ విధానం వెలువడింది. గుర్తించిన కేంద్రాలలో చికిత్స పొందే అర్హులైన రోగులకు 50 లక్షల రూపాయల వరకు సహాయం లభించేలా 2022లో దానిని సవరించారు. ఆ కేంద్రాలలో ఒకటి మెటియాబ్రుజ్ నుండి ఖిదిర్‌పూర్ దాటి వెళితే వచ్చే ఎస్.ఎస్.కె.ఎం. ఆసుపత్రి. 1898లో రొనాల్డ్ రాస్ మలేరియా రహస్యాన్ని ఛేదించినది ఆ ఆవరణలోనే. హైదరాబాదులో సి.డి.ఎఫ్.డి., నిమ్స్ సంస్థలు ఈ బాధ్యతను వహిస్తున్నాయి.

ఉద్యోగ సోదర సోదరీమణులకు మా విన్నపం ఒక్కటే. బిడ్డ ఏ నెలలో కూర్చున్నదీ, ఏ నెలలో నడిచినదీ, ఏమేమి మాటలు పలికినదీ ఒక చిన్న పుస్తకంలో వ్రాసి ఉంచండి. సందేహం కలిగిననాడు ఆ పుస్తకాన్ని, బిడ్డ పాత ఫోటోలను వెంటబెట్టుకుని వైద్యుని వద్దకు వెళ్ళండి. "నిరుడు నడిచేవాడు, ఇప్పుడు నడవలేకున్నాడు" అని తేదీలతో చెప్పగలిగిన తల్లి మాట, ఏ యంత్రమూ ఇవ్వలేని సాక్ష్యం.