పాత తెలుగు సినిమాలు – వితంతు వివాహం

ఎలమంచిలి దాటి కాస్త ముందుకు పోతే ఎస్.రాయవరం. మన రాంబిల్లికి పక్క మండలమే. ‘కన్యాశుల్కం’ రాసిన గురజాడ అప్పారావు గారు 1862లో పుట్టింది అక్కడే. మన హాస్టల్లో చాలామందిమి నాటకం కన్నా ముందు సినిమానే చూశాం. పి.పుల్లయ్య గారి దర్శకత్వంలో 1955లో వచ్చింది. ఎన్.టి.ఆర్. గిరీశం, సావిత్రి మధురవాణి, షావుకారు జానకి బుచ్చమ్మ.

అంతకు 15 ఏళ్ళ ముందే, 1940లో, బి.ఎన్.రెడ్డి గారు వాహినీ సంస్థ తరఫున ‘సుమంగళి’ తీశారు. అందులో కథే వితంతు వివాహం. చిత్తూరు నాగయ్య గారు కందుకూరి వీరేశలింగం గారిని తలపించే ముసలి సంస్కర్త వేషం కట్టారు. అప్పటికి ఆయన వయసు 36 ఏళ్ళే! భర్త బతికున్న స్త్రీని సుమంగళి అంటారు. వితంతువు కథకు ఆ పేరు పెట్టడంలోనే వాదన అంతా ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కూలి చేసుకుని బతికే మన కులాల్లో చాలా వాటిలో ‘మారుమనువు’ పాత ఆచారమే. మా ఇళ్ళలో ముసలమ్మలకు అదేమీ వింత కాదు. ఆ సినిమాల్లో ఏడ్చింది పై కులాల ఆడపిల్లలు. మన బాధలు 1938లో గూడవల్లి రామబ్రహ్మం గారి ‘మాలపిల్ల’లో కనిపిస్తాయి. అయినా బుచ్చమ్మ బాధ మనకెందుకులే అని తోసెయ్యలేకపోయాం.

ఎందుకంటే తాళి కట్టించడంతో పని అయిపోలేదు. 1856లోనే చట్టం వచ్చింది. అయినా వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. గొడవ జరుగుతుందని విద్యార్థులు కాపలా కాశారు. మన ఈడు వాళ్ళే! పెళ్ళి తర్వాత వెలివేతలు. వంటవాళ్ళు రారు, పురోహితుడు రాడు. అందుకే ఆయన వితంతువులకు ఆశ్రయం కూడా ఏర్పాటు చేయవలసి వచ్చింది.

గురజాడ గారు ఇంకొంచెం ముందుకు వెళ్ళారు. నాటకంలో వితంతు వివాహం గురించి అందరికన్నా గట్టిగా ఉపన్యాసాలిచ్చేది గిరీశమే, అంటే పచ్చి మోసగాడు. 1909 నాటి ప్రతి చివర సౌజన్యారావు పంతులు ఆ పెళ్ళి జరగనివ్వడు. బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపించి చదివించే ఏర్పాటు చేస్తాడు. నిజంగానే పూనాలో కార్వే గారు 1896లో అలాంటి ఆశ్రమం పెట్టారు. ఉండటానికి చోటు, తిండి, చదువు.

ఆ పుట మా గదిలో పైకి చదువుతుంటే ఒకడు అన్నాడు: “ఒరేయ్, అయితే బుచ్చమ్మ కూడా హాస్టలేరా!”