మీకు తెలుసా? చూపు తగ్గినా కొలువు పోకూడదు

సర్వీసులో ఉండగా కాలు పోయినా, చూపు మందగించినా, వినికిడి తగ్గినా ఆ కారణంతో ప్రభుత్వ ఉద్యోగిని తీసెయ్యకూడదు. హోదా తగ్గించడానికీ వీల్లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ఈ మాట చెబుతోంది. పాత పని చెయ్యలేకపోతే అదే జీతం స్కేలుతో, అవే ప్రయోజనాలతో మరో పోస్టుకు మార్చాలి. ఎక్కడా సర్దలేని పక్షంలో అదనపు పోస్టులో పెట్టి, తగిన ఖాళీ వచ్చేదాకా లేదా రిటైరయ్యేదాకా ఉంచే వీలు కూడా చట్టంలోనే ఉంది. ప్రమాదం జరిగిన ఇంట్లో ‘ఇక చెయ్యలేవులే, వాలంటరీ తీసుకో’ అనే సలహాలు ముందు వినిపిస్తాయి. కాగితాల మీద సంతకం పెట్టేలోపు ఆ కుటుంబం ఈ ఒక్క సెక్షన్ చదవాలని నా కోరిక.

ఈ విషయంలో మన ఆర్టీసీ డ్రైవర్ ఒకరు సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచారు. 2014లో చేరిన ఆయనకు వైద్య పరీక్షలో వర్ణాంధత్వం, అంటే కొన్ని రంగుల తేడా తెలియని లోపం, ఉన్నట్టు తేలింది. 2016 జనవరిలో ఉద్యోగం పోయింది. వేరే పని ఇమ్మన్నా ఇవ్వలేదు. వర్ణాంధత్వం అప్పటి చట్టం చెప్పే వైకల్యాల్లోకి రాదన్నది సంస్థ వాదన. బస్సు నడపలేనంత మాత్రాన మనిషి మరే పనికీ పనికిరాకుండా పోడు కదా! డిపోలో స్టీరింగ్ పట్టక్కర్లేని పనులు ఎన్ని ఉండవు? 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు సరిగ్గా ఇదే అడిగింది. ఇంకో పని ఉందేమో వెతక్కుండానే తొలగించడం చెల్లదంది. పాత జీతం స్థాయిలో తగిన పోస్టు ఇవ్వాలని, మధ్యకాలపు బకాయిల్లో 25 శాతం చెల్లించాలని తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. వర్ణాంధత్వం బయటపడ్డ డ్రైవర్లకు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని కార్మిక సంఘాలతో 1979లోనే ఒప్పందం ఉంది. రాసి పెట్టుకున్న మాటను అమలు చేయించుకోవడానికి ఒక మనిషి తొమ్మిదేళ్లు పోరాడాల్సి రావడం తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం పడకపోతే చట్టం మనకు వర్తించదని చాలామంది అనుకుంటారు. రిజర్వేషన్‌కు ఆ 40 నిజమే. వివక్ష చూపకూడదన్న నియమానికీ, అవసరమైన సర్దుబాటు చేయాలన్న నియమానికీ మాత్రం ఆ గీత లేదు. చేతి కండరాలు పట్టేసి రాయలేకపోయిన ఒక సివిల్స్ అభ్యర్థికి వైద్యులు లెక్కగట్టిన వైకల్యం 6 శాతమే. అయినా సహాయకుడి చేత పరీక్ష రాయించుకునే హక్కు ఆయనకు ఉందని 2021లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

ఇక తెలుగు ఆఫీసులన్నీ రేపే చేయగలిగిన పని ఒకటుంది. చూపు లేని ఉద్యోగులు కంప్యూటర్‌ను స్క్రీన్ రీడర్ సాయంతో వింటూ వాడతారు. స్క్రీన్ రీడర్లలో ఎన్‌వీడీఏ అనేదాన్ని చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియన్లు తయారుచేశారు. 2006లో మొదలైంది. పూర్తిగా ఉచితం, తెలుగూ చదువుతుంది. కానీ ఫైలు అను ఫాంట్లలో టైపు చేసి ఉంటే అది తెలుగుగా చదవలేదు. అను ఫాంట్లలో తెరమీద కనిపించేది తెలుగే అయినా లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. స్క్రీన్ రీడర్ వాటినే గడగడా చదివేస్తుంది, వినేవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు. అదే ఉత్తర్వును యూనికోడ్‌లో టైపు చేస్తే పక్క సీటులోని వారితోపాటే వీరూ చదువుకుంటారు. సర్క్యులర్‌ను ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పడేసే అలవాటుతోనూ ఇలాంటి చిక్కే. రూపాయి ఖర్చులేని ఈ మార్పుకు ఇన్నేళ్లు పట్టక్కర్లేదు. అమెరికాలో యజమానులను ఏళ్ల తరబడి అడుగుతూ వస్తున్న ఒక సర్వేలో కూడా, దివ్యాంగుల కోసం చేసిన సర్దుబాట్లలో చాలావాటికి ఖర్చేమీ కాలేదని తేలింది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్ల మంది. అందులో ఏదో ఒక పనిలో ఉన్నవారు 36 శాతం, మహిళల్లోనైతే 23 శాతమే. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టి, ఎంఐటీలో చదివి, 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టిన, చూపులేని బొల్లా శ్రీకాంత్ కథ సినిమాగానూ వచ్చింది. ఆయన్ని చూసి గర్వపడదాం. అయితే అంతటి పట్టుదల, ప్రతిభ ఉంటే తప్ప ఉద్యోగం దొరకదంటే అది న్యాయం కాదు. మామూలు మార్కులతో డిగ్రీ పాసై, మామూలు గుమాస్తా పని చేసుకోవాలనుకునే అమ్మాయికీ అవకాశం ఉండాలి.

ప్రభుత్వ కొలువుల్లో దివ్యాంగుల కోటా 1995 చట్టంలో 3 శాతం ఉండేది, ఇప్పుడు 4 శాతం. చట్టం గుర్తించిన వైకల్యాలూ 7 నుంచి 21కి పెరిగాయి. ప్రైవేటు కంపెనీలకు కోటా లేదు. సమాన అవకాశాల విధానాన్ని రాతపూర్వకంగా ప్రకటించాల్సిన బాధ్యత మాత్రం వాటికీ ఉంది. 20 మంది, అంతకుమించి ఉద్యోగులున్నచోట దివ్యాంగులకు తగిన పోస్టులేవో, కల్పించే సదుపాయాలేవో ఆ పత్రంలో ఉండాలి, ఈ పని చూసే అధికారినీ నియమించాలి. మీరు పనిచేసేచోట ఆ పత్రం ఉందేమో హెచ్ఆర్ వారిని అడిగి చూడండి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల రూపాయల దాకా, ఆ తర్వాత 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది.