సేంద్రియ ఫ్రెంచి వైన్, భోజనం: అనుపాన దృష్టితో ఒక పరిశీలన

ఏ ఆహారంతో ఏ పానీయం తీసుకోవలెనన్న విచారణ ఆయుర్వేదానికి కొత్త కాదు. దానినే అనుపానమన్నారు. ఆహార గుణాలకు విపరీతమై, శరీర ధాతువులకు విరోధం కలిగించనిదే తగిన అనుపానమని చరక సంహిత సూత్రస్థానం చెప్పుచున్నది. ఫ్రాన్సు దేశీయులు భోజనానికి వైన్ జతపరచే పద్ధతిని పరిశీలించినప్పుడు నాకు ఈ సూత్రమే స్ఫురించినది. అయితే విదేశాలలో బిడ్డలున్న కుటుంబాలవారు, "సేంద్రియ వైన్ ఒంటికి మంచిదట, నిజమేనా?" అని నన్ను అడుగుచున్నారు. ఈ రెండు విషయాలనూ విడివిడిగా తెలుసుకొనుట అవసరం.

జత కుదిర్చే విధానం

ఫ్రెంచివారు ముందుగా వంటకంలోని కొవ్వును, ఉప్పును, పులుపును గమనిస్తారు. నాంత్ నగర పరిసరాలలో తయారయ్యే మస్కదే అనే తెల్ల వైన్ పుల్లగా, తేలికగా ఉంటుంది. దానిని సముద్రపు ఆల్చిప్పలతో తీసుకుంటారు. ఆ ఉప్పదనంపై ఈ పులుపు నిమ్మరసం పిండినట్లు పనిచేస్తుంది. సాన్సేర్ ప్రాంతపు తెల్ల వైన్‌కు అక్కడి షావిన్యోల్ గ్రామపు మేకపాల చీజ్ జత. మిక్కిలి ఉప్పగా ఉండే రోక్‌ఫోర్ చీజ్‌కు తియ్యని సోతెర్న్ వైన్‌ను ఎన్నుకుంటారు.

ఎర్ర వైన్‌లో ద్రాక్ష తొక్కలు, గింజల నుండి వచ్చే టానిన్లు వగరుగా ఉంటాయి. మాంసంలోని మాంసకృత్తులు, కొవ్వు ఆ వగరును అణచివేస్తాయి. అందువలన ఎర్ర వైన్‌ను మాంసంతో వడ్డిస్తారు. చేపలతో మాత్రం అది తరచుగా నప్పదు. వైన్‌లోని ఇనుము నీచు రుచిని పెంచుతుందని 2009లో జపాను పరిశోధకులు తెలిపారు. జిడ్డుకు పులుపు, వగరుకు కొవ్వు, ఉప్పుకు తీపి: ఇదంతా విపరీత గుణ సిద్ధాంతమే గదా!

సేంద్రియమనగా ఏమి?

ఫ్రాన్సులో సేంద్రియ వ్యవసాయానికి 'ఏబీ' గుర్తు 1985 నుండి ఉన్నది. తోటలో కృత్రిమ పురుగుమందులు, కలుపుమందులు, రసాయనిక ఎరువులు వాడరాదు. కాని బూజు తెగులుకు రాగితో చేసిన బోర్డో మిశ్రమం వాడవచ్చును. హెక్టారుకు 7 సంవత్సరాలలో 28 కిలోల రాగి మించరాదు.

2012 నాటి ఐరోపా నిబంధనలు వైన్ తయారీని కూడ సేంద్రియ పరిధిలోనికి తెచ్చినవి. నిల్వకై కలిపే గంధక లవణాలైన సల్ఫైట్లు తీపిలేని సేంద్రియ ఎర్ర వైన్‌లో లీటరుకు 100 మి.గ్రా. వరకు ఉండవచ్చును. సాధారణ ఎర్ర వైన్‌కు ఆ పరిమితి 150. ఉబ్బసం ఉన్న కొందరికి సల్ఫైట్లు పడవు. అట్టివారు సేంద్రియమన్న ముద్ర చూసి నిశ్చింతగా ఉండరాదు.

ఆరోగ్యం మాట

తోట ఎట్టిదైనను, ద్రాక్షలోని చక్కెర పులిసి మద్యసారమే అవుతుంది. 12 శాతం వైన్ 100 మి.లీ.లో సుమారు 9.5 గ్రాముల మద్యసారం ఉంటుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మద్యపానీయాలను 1988లోనే క్యాన్సర్ కారకాలుగా నిర్ణయించినది. మద్యపానంలో సురక్షితమైన పరిమాణమంటూ లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. ఫ్రాన్సు ఆరోగ్యాధికారులు సైతం వారానికి 10 గ్లాసులు, రోజుకు 2 గ్లాసులు మించవద్దనీ, కొన్ని రోజులు పూర్తిగా మానివేయుమనీ తమ ప్రజలకు సలహా ఇస్తున్నారు.

కావున అలవాటు లేనివారు ఆరోగ్యం పేరిట దీనిని ఆరంభించనవసరం లేదు. గర్భిణులు, కాలేయ వ్యాధిగ్రస్తులు బొత్తిగా ముట్టరాదు. మధుమేహానికి, రక్తపోటుకు, నిద్రకు మందులు వాడేవారు వైద్యుని సంప్రదించవలెను. వైద్యుడు కొలతగా ఇచ్చే ద్రాక్షాసవంతో దీనిని పోల్చుట కూడ తగదు.

ఫ్రెంచివారి నుండి మనం గ్రహించదగినది సీసా కాదు, వారి విచక్షణ. నేతి వంటకాల భోజనానికి పలుచని పుల్ల మజ్జిగ, ఉప్పు కారాలు మిక్కుటమైననాడు నానిన ఎండుద్రాక్ష పిసికి వడగట్టిన పానకం తీసుకొని చూడండి. జత కుదరడమంటే ఏమిటో తెలియగలదు.