మిర్చి గోదాము వేడి ఎక్కడికి పోతుంది?

“సార్, లోపల సలి కావాల్నంటే బయట పైపుల మీద నీళ్లెందుకు పోస్తున్నరు?”

తండ్రితో ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తెచ్చి, ధర గిట్టక కోల్డ్ స్టోరేజీలో పెట్టి వచ్చిన పిల్లవాడు అడిగాడు. ఆ రోజు ఎంట్రోపీ పాఠం ఆ పైపుల దగ్గరే మొదలైంది.

ఆ యంత్రం చలిని పుట్టించదు. లోపలి వేడిని తోడి బయట పారబోస్తుంది. తోడే బొక్కెన అమ్మోనియా. మామూలు గాలి పీడనంలో అది మైనస్ 33 డిగ్రీలకే మరుగుతుంది. గదికన్నా కాస్త తక్కువ వేడిలో మరిగేలా పీడనం సరిచేస్తే, మరగడానికి కావలసిన వేడిని గదిలోంచే లాక్కుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ గాలి పీడనానికి పదిహేను రెట్ల దాకా నొక్కుతుంది. అప్పుడది 40 డిగ్రీల దగ్గర కూడా ద్రవమైపోయి, మోసుకొచ్చిన వేడినంతా వదిలేస్తుంది. చలిలో మరగడం, ఎండలో ద్రవం కావడం! ఎన్నిసార్లు చెప్పినా నాకు పులకింతే.

ఇక లెక్క. వేడిని కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగిస్తే వచ్చేదానికి శాస్త్రవేత్త క్లాసియస్ 1865లో ఎంట్రోపీ అని పేరు పెట్టాడు. గది 5 డిగ్రీలు, అంటే 278 కెల్విన్. అందులోంచి 278 పాళ్ల వేడి తోడితే గది ఎంట్రోపీ ఒకటి తగ్గుతుంది. మొత్తమ్మీద ఎంట్రోపీ తగ్గదు కనుక, అలా తగ్గాలంటే బయట కనీసం ఒకటి పెరగాల్సిందే. 40 డిగ్రీల పైపు అంటే 313 కెల్విన్. అక్కడ ఒకటి పెరగాలంటే 313 పాళ్లు పారబోయాలి. మిగతా 35 పాళ్లు ఎక్కడివి? కరెంటువి. రాపిడీ అదీ కలిస్తే నిజం యంత్రానికి ఇంకా చాలా ఎక్కువే పడుతుంది. పైపుల మీది నీళ్లు ఆవిరవుతూ 313ను 308కి దించితే, ఆ 35 కాస్తా 30 అవుతుంది. నీళ్లు పోసేది అందుకు.

ఈ అమ్మోనియా బొక్కెన పాతదే. ఫ్రాన్స్‌లో ఫెర్డినాండ్ కారే 1859 ప్రాంతంలో కంప్రెసరే లేకుండా, నీళ్లలో కరిగిన అమ్మోనియాను మంటతో వెళ్లగొట్టి మంచు చేశాడు. నిప్పుతో మంచు! 1876 నాటికి జర్మనీలో కార్ల్ లిండే అమ్మోనియాకు కంప్రెసర్ కట్టాడు, బీరు కార్ఖానాలు అతనివైపు మొగ్గాయి. నా మనసు మాత్రం కారే దగ్గరే ఉంది. తర్వాత మాంసం ఓడలు, ఇళ్లలో ఫ్రిజ్‌లు, ఎరుపు తగ్గకుండా దాచుకునే మన ఏసీ మిర్చి.

పిల్లవాడు బోర్డు దగ్గరికొచ్చి 313 చెరిపాడు. “డిసెంబర్ రాత్రి పైపు 20 డిగ్రీలే ఉంటే, సార్?” 293 రాసి, 278 తీసేశాడు. 15 వచ్చింది.