సూక్ష్మజీవి దొరికినంత మాత్రాన సరిపోదు

2011 మే 19న జర్మనీలోని హాంబర్గ్ నగర ఆరోగ్య అధికారులు బెర్లిన్‌లోని రాబర్ట్ కోచ్ ఇన్‌స్టిట్యూట్ సాయం కోరారు. ముగ్గురు పిల్లలకు రక్త విరేచనాలై, ఆపైన కిడ్నీలు దెబ్బతిన్నాయన్నది సమాచారం. మర్నాడే ఒక బృందం హాంబర్గ్ చేరింది. తీరా చూస్తే ఆస్పత్రుల్లో చేరుతున్నవాళ్ళలో ఎక్కువమంది పెద్దవాళ్ళు, అందులోనూ ఆడవాళ్ళు. మామూలుగా ఈ జబ్బు చిన్నపిల్లల్లో కనిపిస్తుంది. జూలైలో ఉధృతి తగ్గేనాటికి జర్మనీలోనే 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు. ఎనిమిది వందల మందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. యాభై మందికి పైగా చనిపోయారు.

కారణం ఈ-కోలై బాక్టీరియాలో ఒక రకం. దాని శాస్త్రీయ గుర్తు ఓ104:హెచ్4. రోగి మలంలో దాన్ని పట్టుకోవడం ల్యాబులకు మరీ కష్టం కాలేదు. అది ఏ తిండిలోంచి వచ్చిందో చెప్పడమే కష్టమైంది. ఇవి రెండూ వేర్వేరు పనులు. ప్రజారోగ్య మైక్రోబయాలజీ అనే ప్రత్యేక శిక్షణ ఎందుకు అవసరమో అర్థం కావాలంటే ఈ తేడా దగ్గరే కాసేపు ఆగాలి.

మే 26న హాంబర్గ్ అధికారులు స్పెయిన్ దోసకాయల మీద ప్రమాదకరమైన ఈ-కోలై దొరికిందని ప్రకటించారు. ల్యాబు చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు. విషాన్ని తయారుచేసే ఈ-కోలై ఆ దోసకాయల మీద నిజంగానే ఉంది. అయితే మరికొన్ని పరీక్షలు చేశాక, అది రోగుల్లో ఉన్న రకం కాదని మే 31 నాటికి తేలిపోయింది. ఇంటిపేరు ఒక్కటే, మనుషులు వేరు. ఈలోగా యూరప్ అంతటా జనం దోసకాయలు, టమాటాలు కొనడం మానేశారు. స్పెయిన్ రైతులు కోసిన పంటను పారబోశారు. చివరికి కూరగాయల రైతులకు యూరోపియన్ యూనియన్ 20 కోట్ల యూరోలకు పైగా పరిహారం కేటాయించాల్సి వచ్చింది. ఒక సరైన పరీక్ష ఫలితాన్ని దాని హద్దు దాటించి చదివినందుకు ఇంత మూల్యం.

అసలు దోషిని పట్టించింది వంటవాడి జ్ఞాపకం. ఈ బాక్టీరియా కడుపులోకి వెళ్ళాక జబ్బు బయటపడటానికి సుమారు ఎనిమిది రోజులు పడుతుంది. ఆస్పత్రి మంచం మీదున్న మనిషిని పది రోజుల కింద ఏం తిన్నావని అడిగితే టమాటా, దోసకాయ అంటాడు కానీ, సలాడ్ మీద అలంకారానికి చల్లిన నాలుగు మొలకలు గుర్తుండవు. మొదట్లో జరిపిన ఒక అధ్యయనంలో మొలకలు తిన్నట్టు చెప్పిన రోగులు నాలుగో వంతు మందే. అందుకని పరిశోధకులు దారి మార్చారు. ఒకే రెస్టారెంటులో తిన్న బృందాలను ఎంచుకుని, వాళ్ళు ఏ వంటకాలు తెప్పించుకున్నారో బిల్లుల్లోంచి, ఫొటోల్లోంచి రాబట్టారు. ఏ వంటకంలో ఏమేం వేస్తారో, ఎంతెంత వేస్తారో వంటవాణ్ణి కూర్చోబెట్టి అడిగారు. లెక్క కట్టి చూస్తే, జబ్బుపడ్డవాళ్ళందరికీ వడ్డించిన పళ్ళేల్లో మొలకలున్నాయి. జూన్ 10న అధికారులు మొలకలే మూలమని ప్రకటించారు. అవి లోయర్ శాక్సనీలోని ఒక తోటలో పెంచినవి.

అదే నెలలో ఫ్రాన్స్‌లోని బోర్డో దగ్గర మరికొందరు ఇదే రకంతో జబ్బుపడ్డారు. వాళ్ళు తిన్న మొలకలకూ, జర్మనీ మొలకలకూ ఉమ్మడిగా ఉన్న గింజలేవని వెతికితే తేలినవి మెంతులు. మనం పోపులో వేసుకునే మెంతులే. 2009లో ఈజిప్టు నుంచి దిగుమతైన ఒకే లాటు వైపు కొనుగోలు కాగితాలన్నీ చూపించాయి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ గింజల మీద ల్యాబులో బాక్టీరియా ఎన్నడూ దొరకలేదు. దోసకాయ మీద దొరికినా అది నిర్దోషి. మెంతుల మీద దొరకకపోయినా సాక్ష్యం అటే నడిచింది. ‘దొరికింది’, ‘దొరకలేదు’ అనే రెండు మాటలకు చుట్టూ ఉన్న సందర్భాన్ని బట్టే అర్థం వస్తుంది.

ఆ సందర్భాన్ని చదవగలిగిన ల్యాబు మనుషులను తయారుచేయడం కోసమే స్టాక్‌హోమ్‌లోని యూరప్ వ్యాధి నియంత్రణ కేంద్రం 2008లో ఒక ఫెలోషిప్ మొదలుపెట్టింది. పొట్టిపేరు యూఫెమ్. కాలవ్యవధి రెండేళ్ళు. మైక్రోబయాలజీ ముందే చదివి, ల్యాబులో పనిచేసినవాళ్ళను తీసుకుని జాతీయ సంస్థలకు పంపుతారు. బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్, కోపెన్‌హేగన్‌లో స్టేటెన్స్ సీరమ్, పారిస్‌లో పాశ్చర్, మాడ్రిడ్‌లో కార్లోస్ 3 ఇన్‌స్టిట్యూట్ అలాంటివి. చాలామందిని తమది కాని దేశంలో వేస్తారు. చేస్తూ నేర్చుకోవడమే పద్ధతి. నిజంగా వ్యాధి ప్రబలినప్పుడు బృందంతో కలిసి వెళ్ళాలి, నిఘా లెక్కలు విశ్లేషించాలి, పరిశోధన రాయాలి, ఇతరులకు పాఠం చెప్పాలి.

నా దృష్టిలో ఇందులో అన్నిటికన్నా విలువైనది మొదటి మూడు వారాల తరగతి. జనంలో వ్యాధి వ్యాప్తిని పరిశోధించే క్షేత్ర ఎపిడెమియాలజీలో 1995 నుంచి నడుస్తున్న యూరప్ ఫెలోషిప్ వాళ్ళూ, యూఫెమ్ వాళ్ళూ ఒకే గదిలో కూర్చుంటారు. ఒకరికి పెట్రీ డిష్ తెలుసు, ఇంకొకరికి ప్రశ్నావళి తెలుసు. ఇద్దరూ కలిసి ఒకే సమస్యను విప్పాలి. దోసకాయల సంగతి లాంటిది మళ్ళీ ఎదురైతే, ఫలితం పత్రికలకు చేరకముందే ‘ఇది రోగుల్లో ఉన్న రకమేనా’ అని అడిగే మనిషి గదిలో ఉండాలి.

ఈ శిక్షణలో అలవడే చూపు ఎలాంటిదో ఒక ఉదాహరణ చెబుతాను. ఒక ప్రాంతంలో ఒక పేగువ్యాధి కేసులు ఒక్క ఏడాదిలో రెట్టింపయ్యాయనుకుందాం. వ్యాధి పెరిగిందని కంగారు పడేముందు, అక్కడి ల్యాబులు ఆ ఏడాది పరీక్ష మార్చాయేమో కనుక్కోవాలి. బాక్టీరియాను పెంచి చూసే కల్చర్ పద్ధతిని వదిలి, జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షకు మారితే, అంతకుముందు తప్పించుకున్న కేసులు కూడా లెక్కలోకి వస్తాయి. జనంలో జబ్బు అంతే ఉంటుంది, కాగితం మీద అంకె పెరుగుతుంది. పైగా పీసీఆర్‌లో జన్యుపదార్థం కనిపిస్తుందే తప్ప, సూక్ష్మజీవి చేతికి రాదు. అది చేతికి రాకపోతే ఏ రకమో తేల్చడం, ఏ మందుకు లొంగుతుందో చూడడం కష్టం. ఈ సంగతి ల్యాబులో పనిచేసేవాళ్ళకు తెలుసు, లెక్కలు వేసేవాళ్ళకు తెలియకపోవచ్చు.

జీవభద్రత కూడా పాఠమే. మామూలు రోగ నమూనా ఒకటి ఊరు దాటాలంటే మూడు పొరలు ఉండాలి. లోపల కారని సీసా. చుట్టూ, సీసా పగిలినా ద్రవం మొత్తం పీల్చుకునే పదార్థం, దాని చుట్టూ కారని రెండో డబ్బా. ఆ పైన గట్టి పెట్టె, దాని మీద యూఎన్ 3373 అనే గుర్తు. చల్లగా ఉంచాల్సిన నమూనాకు దారిలో చల్లదనం నిలవకపోతే, ఎంత గొప్ప సంస్థకు చేరినా అది ఏమీ చెప్పకపోవచ్చు.

ఇదంతా మనకు దూరపు ముచ్చట కాదు. 2003 జూన్, ఆగస్టు నెలల మధ్య అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకు మెదడువాపు సోకింది. 329 మంది జబ్బుపడితే 183 మంది చనిపోయారు. చాలామంది లక్షణాలు బయటపడిన ఒకట్రెండు రోజుల్లోనే పోయారు. మెదడువాపు అనగానే జపనీస్ ఎన్‌కెఫలైటిస్ మీదికే అనుమానం పోతుంది. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ నమూనాలు పరీక్షించి అది కాదని, చాందీపురా వైరస్ అని తేల్చింది. 1965లో నాగపూర్ దగ్గరి చాందీపురా గ్రామంలో మొదట దొరికిన వైరస్ అది. పేరు తేలినందువల్లే దాన్ని వ్యాపింపజేసే ఇసుక ఈగల మీద దృష్టి పడింది.

మన దేశంలోనూ శిక్షణలున్నాయి. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ 2001 నుంచి క్షేత్ర ఎపిడెమియాలజీ నేర్పుతోంది. ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రంలో 2012 నుంచి ఎపిడెమిక్ ఇంటెలిజెన్స్ సర్వీస్ నడుస్తోంది. మంచి కార్యక్రమాలే, కానీ వీటిలో ముందువరుస ప్రధానంగా వైద్యాధికారులది. ల్యాబు మనిషి ఇంకా వెనక గదిలోనే ఉన్నాడు. నమూనా వస్తుంది, రిపోర్టు వెళ్తుంది. ఆ రిపోర్టు ఏ ఊళ్ళో, ఏ బావి దగ్గర ఎలా ఉపయోగపడిందో ఆయనకు తిరిగి చెప్పేవాళ్ళు అరుదు.

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు ఒక విన్నపం. వ్యాధి ప్రబలిన ఊరికి పంపే బృందంలో మైక్రోబయాలజిస్టుకు కూడా జీపులో ఒక సీటు ఇవ్వండి. మైక్రోబయాలజీ చదువుతున్న పిల్లలూ, మీరు కూడా స్టాటిస్టిక్స్ పాఠాన్ని పరీక్ష కోసమే చదివి వదిలేయకండి. మీ మైక్రోస్కోపులో కనిపించినదాన్ని ఒక ఊరి కథతో కలిపి చూడాలంటే అదే కావాలి.